పిట్ట కొంచెం, కూత ఘనం: ఆటలాడగల చిన్న లాప్‌టాపును ఎంచుకోవడం ఎలా?

1981లో అమెరికాలో ఆస్‌బర్న్ 1 అనే యంత్రం విడుదలైనప్పుడు దానిని ఎక్కడికైనా మోసుకుపోగల కంప్యూటరు అని లోకం మెచ్చుకున్నది. ఆ యంత్రం బరువు సుమారు 11 కిలోలు. మోసుకుపోవడమంటే ఒక చిన్న బియ్యపు మూటను చంకన పెట్టుకోవడమే. 2008 జనవరిలో ఆపిల్ సంస్థ మాక్‌బుక్ ఎయిర్‌ను విడుదల చేసేనాటికి ఆ బరువు 1.36 కిలోలకు దిగింది. ఇరవై ఏడేళ్ళలో ఎనిమిదో వంతుకు తగ్గిందన్నమాట. అయితే ఈ తగ్గుదలకు ఒక మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఆ పలుచని యంత్రంలోని 2 గిగాబైట్ల మెమొరీని పలకకే టంకం వేసి అతికించారు. కొన్ననాడు ఎంత ఉన్నదో పారవేసేనాడూ అంతే.

బరువు తగ్గేకొద్దీ మార్పుకు వీలు తగ్గుతుందనే ఈ సంగతి నేడు క్లాంగ్ పట్టణంలోని తెలుగు కుటుంబాలకు కూడా తెలిసి ఉండవలసినది. ఎస్‌టీపీఎమ్ పరీక్షో, మెట్రిక్యులేషనో ముగించుకొని పిల్లలు విశ్వవిద్యాలయానికి బయలుదేరే సంవత్సరంలో ఇంటి ఖర్చుల జాబితాలో మొదటి పెద్ద పద్దు లాప్‌టాపుదే. పిల్లల కోరికలో మూడు అంశాలుంటాయి: యంత్రం చిన్నదిగా, తేలికగా ఉండాలి, దానిమీద మంచి ఆటలు ఆడగలగాలి, కాలం గడిచాక భాగాలు మార్చుకొనే వీలుండాలి. పెద్దల కోరిక ఒక్కటే: పెట్టిన రింగిట్లు నాలుగేళ్ళ చదువు దాటేవరకు నిలవాలి, వీలైతే ఆ యంత్రం తరువాతి బిడ్డకూ పనికిరావాలి. పిల్లల మూడవ కోరిక, పెద్దల కోరిక నిజానికి ఒక్కటే. ఆ సంగతి గ్రహిస్తే “చదువుకా, ఆటకా?” అనే వాదం సగం తీరిపోతుంది.

పెట్టెలో ఏది మారుతుంది, ఏది మారదు?

బల్లమీది కంప్యూటరులో దాదాపు ప్రతి భాగాన్నీ మరలు విప్పి మార్చవచ్చు. లాప్‌టాపులో అలా కాదు. లోపలి భాగాలను మూడు వర్గాలుగా విభజించి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది.

మొదటి వర్గం, ఎప్పుడూ మారనివి. నేటి లాప్‌టాపులలో ప్రాసెసరు, బొమ్మను గీసే గ్రాఫిక్కు చిప్పు రెండూ దాదాపు అన్నిటిలోనూ మాతృఫలకానికి టంకంతో అతికి ఉంటాయి. గ్రాఫిక్కు చిప్పుకు తనదైన ప్రత్యేక మెమొరీ ఉంటుంది, అదీ అతికినదే. ఉదాహరణకు ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాపు చిప్పు 8 గిగాబైట్ల మెమొరీతో వస్తుంది. ఆ 8 ఎన్నటికీ 12 కాదు.

రెండవ వర్గం, దాదాపు ఎప్పుడూ మారేవి. సమాచారాన్ని నిలువచేసే ఎస్‌ఎస్‌డీ ఈ వర్గానికి చెందినది. ఇది చూయింగ్ గమ్ ముక్కను పోలిన చిన్న పలక, ఎమ్.2 అనే స్లాటులో కూర్చుంటుంది. దీని పరిమాణాన్ని 2280, 2230 వంటి సంఖ్యలతో సూచిస్తారు. మొదటి రెండు అంకెలు వెడల్పును, తరువాతి రెండు పొడవును మిల్లీమీటర్లలో తెలుపుతాయి. అంటే 2280 పలక 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గలది. 2230 కేవలం 30 మిల్లీమీటర్ల పొడవే. చిన్న యంత్రాలలో కొన్నిటికి ఈ పొట్టి పలకే సరిపోతుంది కనుక కొనేముందు సంఖ్య చూడడం మంచిది. బ్యాటరీ, పంకాలు కూడా మరలతో బిగించినవైతే ఈ వర్గంలోకే వస్తాయి.

మూడవ వర్గం, యంత్రాన్నిబట్టి మారేవి. ప్రధాన మెమొరీ, అంటే ర్యామ్, ఇందులో ముఖ్యమైనది. కొన్ని లాప్‌టాపులలో సోడిమ్ అనే చిన్న పలకల రూపంలో రెండు స్లాటులలో అది అమరుతుంది. కొన్నిటిలో సగం అతికించి, సగానికి ఒక స్లాటు వదులుతారు. కొన్నిటిలో పూర్తిగా అతికించేస్తారు. పైకి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఒకే వంశానికి చెందిన యంత్రాలలో కూడా ఇది ఏటేటా మారుతున్నది. ఆసుస్ సంస్థ 2020లో తెచ్చిన 14 అంగుళాల జెఫిరస్ జి14 సుమారు 1.6 కిలోల బరువుతో ఆటల యంత్రాలలో చిన్నదిగా పేరు పొందింది. అందులో కొంత మెమొరీ అతికి ఉన్నా ఒక సోడిమ్ స్లాటు ఉండేది. 2024లో అదే పేరుతో వచ్చిన యంత్రం ఇంకా తేలికయింది, 1.5 కిలోలకు దిగింది; కాని ఆ స్లాటు మాయమయింది. రేజర్ సంస్థ 2023లో విడుదల చేసిన బ్లేడ్ 14లో రెండు సోడిమ్ స్లాటులుండగా, మరింత పలుచబడిన 2025 యంత్రంలో మెమొరీని పూర్తిగా అతికించారు. రెండింటిలోనూ ఎస్‌ఎస్‌డీని మాత్రం మార్చుకోవచ్చు. కనుక స్నేహితుడు రెండేళ్ళ క్రితం కొన్న యంత్రాన్ని చూసి, అదే పేరుగల కొత్తదానిలోనూ అదే వసతి ఉంటుందని అనుకోరాదు.

టంకం వెనుక ఉన్న శాస్త్రం

మెమొరీని అతికించడం కేవలం వ్యాపారపు ఎత్తుగడ అని కొందరి అభిప్రాయం. అందులో కొంత నిజం ఉండవచ్చు గాని భౌతికశాస్త్రపు కారణం కూడా ఒకటున్నది.

శూన్యంలో కాంతి ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. పలకమీది రాగి తీగలలో విద్యుత్ సంకేతం దాదాపు అందులో సగం వేగంతో, అంటే నానోసెకనుకు 15 సెంటీమీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. నేటి సోడిమ్ పలకలలో సాధారణమైన వేగం ఒక్కొక్క తీగపై సెకనుకు 560 కోట్ల సంకేతాలు. లెక్క కడితే ఒక సంకేతం బయలుదేరి, మరొకటి దాని వెనుక బయలుదేరేలోగా మొదటిది పోగలిగిన దూరం సుమారు 2.7 సెంటీమీటర్లు మాత్రమే. పలుచని లాప్‌టాపులలో వాడే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ మెమొరీ సెకనుకు 850 కోట్ల సంకేతాల దాకా పోతుంది. అక్కడ ఆ దూరం 1.8 సెంటీమీటర్ల లోపే. ఇంత వేగంలో దారి పొడవైనా, మధ్యలో స్లాటు వంటి అతుకు వచ్చినా సంకేతం ప్రతిధ్వనించి చెదురుతుంది. చిప్పును ప్రాసెసరు పక్కనే అతికిస్తే దారి పొట్టిది, అతుకులు లేనిది అవుతుంది, తక్కువ విద్యుత్తు చాలుతుంది, మందమూ తగ్గుతుంది.

మరమ్మతుకు వీలైన యంత్రాలకే పేరు మోసిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ అనుభవం దీనికి మంచి సాక్ష్యం. ఆ సంస్థ 2025లో ఒక చిన్న బల్ల కంప్యూటరును ప్రకటించింది. అందులో వాడిన ఏఎమ్‌డీ ప్రాసెసరుకు మెమొరీని విడి పలకగా అమర్చాలని ప్రయత్నించి, సంకేతాల నాణ్యత నిలువదని తేలడంతో చివరకు అతికించవలసి వచ్చిందని సంస్థే వెల్లడించింది.

ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం రూపొందుతున్నది. కామ్2 అనే కొత్త రకం పలకకు 2023 డిసెంబరులో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదముద్ర వేసింది. ఇది స్లాటులో నిలువుగా దూరదు. మాతృఫలకంపై పరచుకొని మరలతో బిగుస్తుంది. దారి పొట్టిదవుతుంది, మార్పుకు వీలూ మిగులుతుంది. 2024లో లెనోవో విడుదల చేసిన థింక్‌ప్యాడ్ పీ1 ఏడవ తరం యంత్రం ఈ కుటుంబానికి చెందిన ఎల్‌పీకామ్2 పలకతో వచ్చింది. ఇది విరివిగా వ్యాపిస్తే చిన్నతనానికీ మార్పుకూ మధ్య ఉన్న వైరం కొంత సమసిపోతుంది.

క్లాంగ్ ఎండలో వేడి లెక్క

ఆటల యంత్రం చిన్నదైనప్పుడు ఎదురయ్యే రెండవ చిక్కు వేడి. చిప్పు వాడుకొన్న విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని రాగి గొట్టాలు, పంకాలు బయటికి తోడివేయాలి. పెట్టె పలుచనైతే పంకాలు చిన్నవవుతాయి, గాలి దారి ఇరుకవుతుంది.

ఇందుకు ఊరి వాతావరణం కూడా తోడవుతుంది. యంత్రం నుంచి వేడి ఎంత తొందరగా బయటపడుతుందనేది చిప్పుకూ గది గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాపై ఆధారపడి ఉంటుంది. చిప్పు 100 డిగ్రీలను మించరాదనుకుందాం. 20 డిగ్రీల చల్లని గదిలో ఆ తేడా 80 డిగ్రీలు. శీతలీకరణ యంత్రం లేని క్లాంగ్ ఇంటిలో మధ్యాహ్నం గది 32 డిగ్రీలుంటే తేడా 68 డిగ్రీలే. అంటే అదే యంత్రం, అదే పంకా వేగంతో సుమారు 15 శాతం తక్కువ వేడినే తోడగలదు. ఆ మేరకు ఆట మందగిస్తుంది, లేదా పంకా మరింత హోరెత్తుతుంది. చలిదేశాలలో పరీక్షించినవారు చెప్పిన ఫలితాలు ఇక్కడ యథాతథంగా రాకపోవడానికి ఇదొక కారణం.

అయితే ప్రకృతి ఒక చిన్న వరం కూడా ఇచ్చింది. చిప్పు వాడే విద్యుత్తు దాని వేగాన్నిబట్టి, వోల్టేజి వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం తగ్గించినప్పుడు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించగలిగితే, రెండింటినీ 10 శాతం తగ్గించినప్పుడు విద్యుత్తు 0.9ని మూడుసార్లు గుణించినంత, అంటే 0.73 వంతు అవుతుంది. పదో వంతు వేగం వదులుకొంటే నాలుగో వంతుకు పైగా వేడి తగ్గిందన్నమాట. చిన్న యంత్రంలో తెలివైన అమరిక ఇదే. గరిష్ఠ స్థాయిలో కాక ఒక మెట్టు దిగువన ఆడితే కంటికి తేడా పెద్దగా తెలియదు. చేతికీ చెవికీ సుఖం.

చిప్పు పేరు చూసి మురిసిపోరాదనడానికి కూడా కారణం వేడే. ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాపు చిప్పును తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఏ స్థాయిలోనైనా అమర్చుకోవచ్చు. పేరు ఒకటే అయినా పలుచని పెట్టెలో తక్కువ వాట్లతో నడిచేది, మందపు పెట్టెలో ఎక్కువ వాట్లతో నడిచేదానికి సాటి రాదు. అందువల్ల అంగడిలో “ఏ చిప్పు?” అని అడిగినంత మాత్రాన చాలదు, “ఎన్ని వాట్లు?” అని కూడా అడగాలి.

గ్రాఫిక్కును మార్చే మూడు దారులు

ఆటలకు ప్రాణం గ్రాఫిక్కు చిప్పు. అది అతికి ఉన్నదే అయితే మార్పు అనే మాటకు అర్థమేమిటి? దీనికి జవాబుగా ఇంతవరకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటి దారి, చిప్పును విడి పలకపై అమర్చడం. 2004లోనే ఎన్విడియా సంస్థ ఎమ్‌ఎక్స్‌ఎమ్ అనే పలక పద్ధతిని ప్రవేశపెట్టింది. 2019లో డెల్ సంస్థ ఏలియన్‌వేర్ ఏరియా 51ఎమ్ అనే లాప్‌టాపులో ప్రాసెసరును, గ్రాఫిక్కును కూడా మార్చుకొనే ఏర్పాటు చేసింది. దాని బరువు నాలుగు కిలోలకు కొంచెమే తక్కువ. కాని తరువాతి తరం గ్రాఫిక్కు పలకలు ఆ పెట్టెకు సరిపడే రూపంలో రాలేదు. దీనినుంచి నేర్చుకోవలసింది ఒకటున్నది: స్లాటు ఉన్నంత మాత్రాన మార్పు జరగదు; ఆ స్లాటుకు సరిపడే భాగాన్ని ఎవరైనా తయారుచేసి, అమ్మకానికి పెట్టాలి.

రెండవ దారి, యంత్రాన్ని మొదటినుంచీ మార్పుకోసమే రూపొందించడం. నిరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2021లో 13.5 అంగుళాల లాప్‌టాపును తెచ్చింది. బరువు 1.3 కిలోలు. ఆ పెట్టెను అలాగే ఉంచుకొని, మాతృఫలకాన్ని మాత్రం తరువాతి తరాలవాటితో మార్చుకొంటూ పోవచ్చని ఆ తరువాతి సంవత్సరాలు నిరూపించాయి. అయితే దానిలో విడి గ్రాఫిక్కు చిప్పు లేదు. ఆ లోటు తీర్చడానికి వచ్చిన 16 అంగుళాల యంత్రం 2024 తొలినాళ్ళలో కొనుగోలుదారులకు చేరింది. దాని వెనుక భాగంలో గ్రాఫిక్కు పలకను జతచేయవచ్చు, విప్పవచ్చు. మొదట ఏఎమ్‌డీ చిప్పుతో వచ్చిన ఆ పలకకు బదులుగా 2025లో ఆర్‌టీఎక్స్ 5070 పలకను సంస్థ ప్రకటించింది. పాత పెట్టెలో కొత్త చిప్పు అన్న మాట అలా నిలిచింది. కాని పలకతో కలిపి ఆ యంత్రం 2.4 కిలోలు తూగుతుంది. మార్పు దొరికింది గాని చిన్నతనం చేజారింది.

మూడవ దారి, గ్రాఫిక్కును లాప్‌టాపు బయటనే ఉంచడం. ఇంటిలో బల్లమీద ఒక పెట్టె, అందులో బల్ల కంప్యూటరుకు వాడే మామూలు గ్రాఫిక్కు కార్డు, దాని విద్యుత్ సరఫరా ఉంటాయి. తేలికైన లాప్‌టాపును థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 తీగతో దానికి కలుపుతారు. తరగతికి పోయేటప్పుడు తీగ తీసేస్తే చాలు. ఇందులో ఇబ్బంది తీగ వెడల్పుది. బల్ల కంప్యూటరులో నాలుగవ తరం పీసీఐ స్లాటు సెకనుకు 256 గిగాబిట్లను మోయగలిగితే, 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 తీగలో గ్రాఫిక్కుకు దక్కేది 32 గిగాబిట్లు, ఎనిమిదో వంతు మాత్రమే. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5లో అది 64కు పెరిగింది. కార్డు శక్తిలో కొంత ఈ ఇరుకుదారిలో వృథా అవుతుంది. కార్డుకే వేరొక తెరను కలిపి ఆడితే బొమ్మ మళ్ళీ అదే తీగలో వెనక్కు రానక్కరలేదు కనుక నష్టం తగ్గుతుంది.

చిన్నతనం, ఆట, మార్పు అనే మూడూ నిజంగా కలిసే చోటు ప్రస్తుతానికి ఈ మూడవ దారే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పెద్ద ఆటలు, వసతిగృహంలో తేలికపాటి ఆటలు అనుకొనే విద్యార్థికి ఇది బాగా నప్పుతుంది. వాలొరెంట్ వంటి పోటీ ఆటలు ప్రాసెసరులో కలిసివచ్చే గ్రాఫిక్కుతోనే సాగిపోతాయి. సైబర్‌పంక్ 2077 వంటివి వేరు. 2023 నాటి సవరణ తరువాత ఆ ఆట కనీసం 12 గిగాబైట్ల మెమొరీని, ఎస్‌ఎస్‌డీలో 70 గిగాబైట్ల చోటును కోరుతున్నది. కనుక పిల్లలు ఏ ఆటలు ఆడతారో అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రులకు చిన్నతనం కాదు. వేల రింగిట్ల నిర్ణయానికి అదే పునాది.

కొనేటప్పుడు గమనించవలసినవి

క్లాంగ్ నుంచి కౌలాలంపూరు సుమారు 30 కిలోమీటర్లు. కమ్యూటర్ రైలులో కేఎల్ సెంట్రల్ చేరి, అక్కడినుంచి బుకిట్ బింటాంగ్ ప్రాంతంలోని లో యాట్ ప్లాజాకు పోతే అంతస్తుల కొద్దీ కంప్యూటరు అంగళ్ళు ఒకేచోట కనిపిస్తాయి. ధరలు పోల్చడానికి ఆ ఏర్పాటు మంచిదే. అయితే పోల్చవలసింది ధర ఒక్కటే కాదు. అంగడికి పోకముందే తయారీదారు ప్రకటించిన సాంకేతిక వివరాల పత్రాన్ని చదివి, ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొని పోవాలి.

మెమొరీ అతికినదా, స్లాటులో ఉన్నదా? స్లాటులెన్ని, వాటిలో ఖాళీ ఎన్ని? ఎమ్.2 స్లాటులెన్ని, ఏ పొడవువి? గ్రాఫిక్కు చిప్పు ఎన్ని వాట్లు, దాని సొంత మెమొరీ ఎంత? థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 ద్వారం ఉన్నదా? అడుగు మూత మరలతో విప్పదగినదేనా? వినియోగదారుడు మూత విప్పితే పూచీ రద్దవుతుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం.

బరువు చూసేటప్పుడు విద్యుత్ అడాప్టరును కూడా కలిపి తూచాలి. 1.6 కిలోల యంత్రానికి అర కిలో అడాప్టరు తోడైతే సంచిలో మోసేది 2.1 కిలోలు. పైగా 73 వాట్‌అవర్ల బ్యాటరీగల యంత్రం ఆటలో 100 వాట్లు లాగితే 44 నిమిషాలలో బ్యాటరీ అయిపోతుంది. ఆటల లాప్‌టాపుకు గోడ ప్లగ్గు తప్పనిసరి అని దీనివల్ల తెలుస్తున్నది.

హైదరాబాదుకో విశాఖపట్నానికో ప్రయాణించే కుటుంబాలు మరొకటి గమనించాలి. 100 వాట్‌అవర్ల లోపు బ్యాటరీగల లాప్‌టాపును విమానంలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోవచ్చు. విడి బ్యాటరీలను మాత్రం చేతి సంచిలోనే ఉంచాలి, సామాను గదిలో వేయరాదు. మలేషియాలోని మూడు చదరపు పుల్లల ప్లగ్గు భారతదేశపు గుండ్రని రంధ్రాలలో దూరదు. అడాప్టరుమీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ప్లగ్గు మార్పిడి ముక్క ఒక్కటి చాలు.

భాగాలు మార్చేటప్పుడు యంత్రాన్ని ఆపి, తీగ తీసి, మూత విప్పిన వెంటనే బ్యాటరీ కొక్కెమును ఊడదీయాలి. పలకను తాకేముందు ఒంటిమీది స్థిర విద్యుత్తు పోయేందుకు భూమికి కలిసిన లోహపు వస్తువును ముట్టుకోవాలి. ఏడాదికొకసారి పంకాల దుమ్ము దులపడం కూడా ఒక రకమైన ఉన్నతీకరణే. పోగొట్టుకొన్న వేగం ఖర్చు లేకుండా తిరిగి వస్తుంది.

పాతది ఎక్కడికి పోతుంది?

ఒక భాగం చాలక మొత్తం యంత్రాన్ని పారవేస్తే ఆ నష్టం ఇంటితో ఆగదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. అందులో సక్రమంగా సేకరించి, తిరిగి వాడుకకు తెచ్చినట్లు లెక్క తేలింది 22.3 శాతమే. పరదేశాల చెత్త ఎలా వచ్చి పడుతుందో క్లాంగ్ వాసులకు తెలియనిది కాదు. 2019 మే నెలలో నాటి మంత్రి యో బీ యిన్ క్లాంగ్ రేవులో విదేశీ ప్లాస్టిక్కు వ్యర్థాల కంటెయినర్లను పత్రికలవారికి చూపి, వాటిని వెనక్కు పంపుతామని ప్రకటించారు. మలేషియాలో పాత కంప్యూటరు భాగాలు 2005 నాటి నిబంధనల కింద ప్రత్యేకమైన వ్యర్థాలుగా లెక్కకు వస్తాయి. వాటిని మామూలు చెత్తబుట్టలో కాక, అనుమతిగల సేకరణ కేంద్రంలోనే ఇవ్వాలి. ఒక ఎస్‌ఎస్‌డీని, ఒక బ్యాటరీని మార్చి యంత్రాన్ని మరి మూడేళ్ళు నడిపించే కుటుంబం ఆ కేంద్రానికి మోసుకుపోవలసిన బరువును తగ్గిస్తున్నట్లే.

నిర్ణయానికి ఒక సూత్రం

ఇంతవరకు చెప్పినదాని సారం ఒక్కటే. మార్చలేని భాగాన్ని మొదటే కాస్త ఎక్కువగా కొనాలి; మార్చగల భాగాన్ని మొదట తక్కువగా కొన్నా నష్టం లేదు. మెమొరీ అతికినదైతే 16 గిగాబైట్లతో సరిపెట్టుకోక, స్తోమత ఉంటే 32 తీసుకోవడం మేలు. స్లాటులున్నట్లయితే నేడు 16తో మొదలుపెట్టవచ్చు. ఎస్‌ఎస్‌డీ విషయంలో తొందర అవసరం లేదు. గ్రాఫిక్కు మెమొరీ విషయంలో మాత్రం రాజీ పడరాదు. అది తరువాత చేర్చుకొనే వస్తువు కాదు.

వాయిదా వేయడం ఎల్లప్పుడూ చౌక అనుకోవడానికీ వీలులేదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమొరీ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ, సామాన్య వినియోగదారులకు పలకలు అమ్మే తన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. రేపు చౌకగా కొనవచ్చని నేడు తక్కువ మెమొరీతో సర్దుకొన్నవారికి అది చేదు అనుభవమే. అయినా ఖాళీ స్లాటు ఉన్న ఇంటికి ధర దిగేదాకా ఆగే వీలుంటుంది, పాత పలకను కొనుక్కొనే వీలుంటుంది. అతికిన మెమొరీగల ఇంటికి ఆ రెండూ లేవు, కొత్త యంత్రమే గతి.

పిల్లలూ పెద్దలూ ఒకే బల్ల దగ్గర కూర్చొని, పై ప్రశ్నలకు జవాబులు రాసుకొని, రెండు మూడు యంత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సాయంత్రంలో నిర్ణయం తేలుతుంది. అంగడిలో దీపాల వెలుగులో తళతళలాడే మూతకంటె, దానికింద ఉన్న మరలు, స్లాటుల సంఖ్య ఆ యంత్రం ఆయుర్దాయాన్ని ఎక్కువగా చెబుతాయి.